చిన్నోడి వాటా

పదకొండో రోజు, మంగళవారం

ప్రార్థన చేసినా భయం తగ్గలేదు. మా ఆయన పడవ ప్రయాణాలు రాసుకునే పాత లాగ్ బుక్కులో చివరి కాగితాలు ఖాళీగా కనిపిస్తే తీసుకున్నాను. చేతికి పని పెడితే తగ్గుతుందేమోనని.

నిన్న పొద్దున వెనకనుంచి వచ్చిన అల తెరిచి ఉన్న తలుపులోంచి నేరుగా పడవ లోపలికి పడింది. మోకాలి లోతు నీళ్ళు. బ్యాటరీలు మునిగిపోయాయి. వాటితో పాటు ఫోనూ, లైట్లూ, చుక్కాని తనంతట తాను తిప్పే మిషనూ, సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే మిషనూ పోయాయి. ముందువైపు మంచినీళ్ళ ట్యాంకులో ఉప్పు కలిసింది. వెనక ట్యాంకు ఒక్కటే మిగిలింది. ఆయన మెట్ల మీంచి పడి కుడి భుజం కదపలేకుండా ఉన్నారు.

అరచేతిలో ఇమిడే చిన్న జీపీఎస్ ఒకటి పెన్సిల్ సెల్స్‌తో పనిచేస్తోంది. దాన్ని చూసి మ్యాపు మీద చుక్క పెట్టి, పద్నాలుగు రోజుల్లో రేవు చేరతామన్నారు ఆయన.

ఇవాళ తెరచాపలు దించేసి, పడవ కదలకుండా ఉండగా వెనక ట్యాంకు మూత తీసి చెక్క స్కేలు దించాం. పదహారు సెంటీమీటర్లు తడిసింది. మనిషికి లీటరున్నర చొప్పున ముగ్గురికీ వాడితే రోజుకి సరిగ్గా ఒక సెంటీమీటరు దిగుతుందట. అంటే పదహారు రోజులు. రెండు రోజులు చేతిలో ఉంటాయి.

"ఇంట్లో తాళాలెప్పుడూ నీ దగ్గరేగా. ఇదీ నువ్వే చూడు," అని స్కేలు నాకిచ్చారు.

"అయిపోయింది అన్నా," అన్నాడు మరిది. "స్కేలు వదిన చేతికిచ్చావా, ఇక మనం వేలెత్తి అడిగి తాగాలి."

ప్రమాదంలో ఉన్నామని కబురు పంపే నారింజ రంగు డబ్బా ఒకటి ఉంది. దాని బ్యాటరీ దానికే ఉంది. మీట నొక్కితే దగ్గర్లో ఉన్న ఓడని పంపిస్తారు. కానీ ఆ ఓడ మనుషుల్నే ఎక్కించుకుంటుంది, పడవని అక్కడే వదిలేస్తుంది. "పరాయివాడి పడవ. అప్పజెప్తానని మాటిచ్చి బయల్దేరాను. నడిసముద్రంలో వదిలేస్తే మళ్ళీ ఏ యజమానీ మనకి పడవ ఇవ్వడు," అన్నారు ఆయన. నిజమే. ఈ వయసులో ఇంకో పని ఎక్కడ వెతుక్కుంటారు?

పన్నెండో రోజు, బుధవారం

ఎండ. పల్చటి గాలి.

పగలంతా మరిదే చుక్కాని పట్టుకున్నాడు. పొద్దునా సాయంత్రమూ ఒక గంట నేను పట్టుకుంటాను. రాత్రి కొంతసేపు ఆయన ఎడమ చేత్తో.

డబ్బున్నవాళ్ళు కొన్న తెరచాప పడవల్ని ఒక రేవునుంచి ఇంకో రేవుకి నడిపి అప్పజెప్పడం ఈ అన్నదమ్ముల పని. వంటకి వేరే మనిషెందుకని మూడేళ్ళనుంచి నన్నూ తీసుకెళ్తున్నారు. ఒక ఇంటినే సముద్రం మీదకి తెచ్చినట్టు. నేను కాపురానికి వచ్చేసరికి మరిదికి పద్నాలుగేళ్ళు. ఇప్పుడు నలభై రెండు. అయినా అందరికీ చిన్నోడే. సంబంధం కుదిరే సమయానికి ఎప్పుడూ సముద్రంలో ఉంటాడు. "నాకు పిల్లనివ్వాలంటే వాళ్ళ నాన్న ముందు ఈత నేర్చుకోవాలి వదినా," అంటాడు.

చిన్నప్పుడు చక్కెర డబ్బా ఖాళీ చేసేవాడు. అత్తగారు కేకలేస్తే, పాయసానికి నేనే వాడానని చెప్పేదాన్ని. తర్వాత వాడొచ్చి గడప దగ్గర నిలబడేవాడు. "మనింట్లో వస్తువు మనం తింటే దొంగతనం కాదురా," అనేదాన్ని.

ఎందుకు రాస్తున్నానో ఇదంతా.

పదమూడో రోజు, గురువారం

పొద్దున గాలి పెరిగింది. పడవ ఒక పక్కకి బాగా ఒరిగి పరిగెడుతోంది. గిన్నెలు తాళ్ళతో కట్టేశాను. ఇలా వెళ్తే ముందే చేరతామని ఆయన సంతోషపడ్డారు. దేవుడి దయ.

పద్నాలుగో రోజు, శుక్రవారం

స్కేలు పదకొండు చూపించింది.

పదమూడు ఉండాలి. మూడుసార్లు దించాను. తుడిచి మళ్ళీ దించాను. పదకొండే. రెండు సెంటీమీటర్లంటే తొమ్మిది లీటర్లు.

ట్యాంకు కారడం లేదు. కింద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. నేను తాగలేదు. ఆయన నొప్పికి మాత్రలేసుకుని పడుకునే ఉన్నారు. ఇక మిగిలింది ఒక్కరే. పోయినేడు మూత్రపిండాల్లో రాళ్ళకి ఆపరేషన్ అయితే డాక్టరు చిన్నోడికి రోజుకి మూడు లీటర్లు తాగాలని చెప్పాడు. నేనూ పక్కనే ఉన్నాను. లీటరున్నరతో ఆ ఎండలో ఎలా ఉంటాడు? ఉండలేడు. నాకు తెలుసు.

ఆయనకి చెప్పలేదు. చెప్తే పడవ దద్దరిల్లిపోతుంది. నేను ఎవర్నీ గొంతెత్తి ఒక మాట అని ఎరగను. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నా గొంతు పక్కగదికి వినపడలేదని అత్తగారే చెప్పుకునేవారు. మా వదిన కోప్పడితే చీమకి కూడా నిద్ర చెడదని మరిది వెక్కిరింపు.

చుక్కాని దగ్గరికి వెళ్ళి, చెప్పాల్సింది మెల్లగానే చెప్పాను. అదంతా ఇక్కడ రాయక్కర్లేదు.

వాడు నా వంక చూశాడు. తర్వాత లోపల పడుకున్న అన్న వంక చూశాడు. కాదనలేదు.

"సరే వదినా. అన్నకి మాత్రం చెప్పకు," అన్నాడు. "ఇవాళ్టినుంచి నా నీళ్ళు నేనే పోసుకుంటాలే. నువ్వు కొలిచి పొయ్యక్కర్లేదు."

ఒప్పుకున్నట్టే కదా.

పదిహేనో రోజు, శనివారం

పదికి కాస్త పైన. పరవాలేదు. భయపెట్టడం పనిచేసింది.

పదహారో రోజు, ఆదివారం

నా లెక్కకి తొమ్మిది ఉండాలి. తొమ్మిదిన్నరకి కొంచెం తక్కువ ఉంది. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. నేనేమీ తగ్గించలేదు. ఆయన వాటా నేనే పోసి తాగిస్తున్నాను. అన్నం సగం ఉప్పునీళ్ళతోనే వండుతున్నాను, అది మొదటినుంచీ అంతే.

మరిది దగ్గర నీలం మూత సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఎప్పుడు చూసినా సగానికి పైనే ఉంటుంది. తాగుతూ నింపుకుంటున్నాడేమో. అయినా ట్యాంకు తరగడం లేదే!

మధ్యాహ్నం అన్నం సగం వదిలేశాడు. "పొడి పొడిగా ఉంది వదినా, గొంతు దిగడం లేదు." అలక. చేసిందానికి తోడు అలకొకటి.

పద్దెనిమిదో రోజు, మంగళవారం

ఏడు ఉండాల్సింది ఎనిమిది!

కుండలో పిండి తరగకుండా, బుడ్డిలో నూనె అయిపోకుండా దేవుడు నమ్మినవాళ్ళని కాచిన కథలు చిన్నప్పుడు విన్నాను. మనలాంటివాళ్ళకి ఎందుకు జరుగుతాయిలే అనుకునేదాన్ని. ట్యాంకు మూత మీద చెయ్యి పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ప్రార్థన చేశాను. ఆయనకి ఇంకా చెప్పలేదు. ఇలాంటివి బయటపెడితే ఆగిపోతాయేమోనని భయం.

పైకి వెళ్ళేసరికి మరిది సీసా ఎత్తి పుక్కిలించి సముద్రంలోకి ఊస్తున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

"తాగే నీళ్ళు పుక్కిలించి పారబోస్తావా?"

"నోరు కంపు కొడుతోంది వదినా. నువ్వు పక్కన కూర్చుంటావని."

"వెటకారం చాలు. దేవుడు చూస్తున్నాడు."

"చూడనీ. దేవుడికేం, పగలంతా చుక్కాని పని లేదుగా," అన్నాడు. పెదవులు పగిలి, నవ్వబోతే రక్తం వచ్చింది. కొబ్బరినూనె ఇచ్చాను. ఎంత తప్పు చేసినా వాడికి అన్నం పెట్టి పెంచిన చెయ్యి కదా.

పంతొమ్మిదో రోజు, బుధవారం

గాలి తగ్గింది. ఇంకా ఎనిమిది రోజులంటున్నారు.

ఇరవయ్యో రోజు, గురువారం

ఆరు పైన ఉంది. ఐదే ఉండాలి.

మరిది లేవబోయి రెండుసార్లు తూలాడు. నడుము పట్టేసిందన్నాడు. మాట బాగా తగ్గింది. ఒక్క జోకు లేదు. మంచిదే, తప్పు తెలిసినట్టుంది. ఆయన లోపల్నుంచి "ఒరేయ్ చిన్నోడా, బతికున్నావా?" అని అరిస్తే, "ఉన్నా," అన్నాడు. అంతే.

వాడి కాళ్ళు వాచినట్టనిపించింది. ఎప్పుడూ కూర్చునే ఉంటే వాచవూ?

ఇరవై ఒకటి, శుక్రవారం

ఐదున్నర. దేవుడికి స్తోత్రం.

ఇరవై రెండు, శనివారం

పొద్దున గాలి పూర్తిగా పడిపోయింది. సముద్రం పళ్ళెంలో పోసిన నూనెలా ఉంది. పదమూడో రోజునుంచీ ఒరిగే ఉన్న పడవ ఇవాళ తిన్నగా నిలబడింది.

స్కేలు దించాను. ఏడుకి పిసరంత తక్కువ.

నిన్నటికంటే పెరిగింది. తగ్గకపోవడం కాదు, పెరిగింది. ఏడుస్తూ వెళ్ళి ఆయన్ని లేపాను. ఏమండీ, నీళ్ళు పెరిగాయండీ, దేవుడు మన ట్యాంకు నింపుతున్నాడండీ అన్నాను.

ఆయన లేచి కూర్చుని, నవ్వు ఆపుకోలేక భుజం పట్టుకున్నారు. "పిచ్చిదానా! ఇన్నాళ్ళూ పడవ ఒరిగి ఉండగా కొలిచావా? పళ్ళెం ఒక పక్కకి ఎత్తి పట్టుకో. నీళ్ళెటు పోతాయి? మూత ఉన్నది పైకి లేచిన పక్కన. అక్కడ రెండు సెంటీమీటర్లు తక్కువే చూపిస్తుంది. ఇవాళ పడవ తిన్నగా ఉంది కాబట్టి సరిగ్గా చూపించింది. పెరగడమేమిటి?"



పద్నాలుగో రోజున పడవ ఒరిగే ఉంది. ఆ రెండు సెంటీమీటర్ల నీళ్ళు ట్యాంకులోనే ఉన్నాయి. అవతలి పక్కన. ఎవరూ తాగలేదు.

ఆయన ఇంకా లెక్క చూసుకుంటున్నారు. "పదహారులోంచి పదకొండు రోజులు తీసేస్తే ఐదు. ఇక్కడ దాదాపు ఏడుందంటావేంటి? ఎనిమిది, తొమ్మిది లీటర్లు ఎక్కువుంది. ఎవరు తాగడం లేదు? నువ్వు ఉపవాసాలు గానీ చేస్తున్నావా?"

పైకి పరిగెత్తాను. మరిది చుక్కాని మీద తల వాల్చుకుని ఉన్నాడు. పిలిస్తే కళ్ళు తెరిచాడు గానీ నన్ను చూడలేదు. నీలం మూత సీసా ఒళ్ళో ఉంది. మూత తీసి నోట్లో పోసుకున్నాను.

ఉప్పు. సముద్రపు నీళ్ళు. పుక్కిలించి నోరు తడుపుకోవడానికీ, నేను చూస్తే తాగుతున్నట్టుండడానికీ.

అదే రోజు

ఇద్దరం కలిసి లోపలికి దించాం. చెంచాతో నీళ్ళు పోస్తున్నాం. రెండు చెంచాలు దిగితే ఒకటి కక్కుతున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. లోపలికి తెచ్చినప్పటినుంచి మూత్రం రాలేదు.

ఆయన ఒక్క క్షణం ఆలోచించకుండా నారింజ డబ్బా మీట నొక్కారు. పడవ గురించి ఒక్క మాట అనలేదు. చిన్న దీపం మినుకుమినుకుమంటోంది. ఓడ ఎప్పుడొస్తుందో ఆ డబ్బా చెప్పదు.

"రాళ్ళ జబ్బున్నవాడు, తెలిసి తెలిసి నీళ్ళెందుకు మానేశాడు? వాడికేం పోయేకాలం?" అని నన్నే అడుగుతున్నారు. నాకేం తెలుసు అన్నాను.

నాకేం తెలుసు అన్నాను.

పద్నాలుగో రోజున నేనన్న మాట ఇది. రాస్తాను. "చక్కెర డబ్బా కాదురా ఇది, ముగ్గురి ప్రాణాలు. నీ దాహానికి మీ అన్నని చంపుకుంటావా? నీకు అన్నం పెట్టి పెంచింది దొంగని చెయ్యడానికా?" మెల్లగానే అన్నాను. పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, మరొకరికి వినపడకుండా.

ఆయన్ని ఒక్క మాట అడిగి ఉంటే పళ్ళెం సంగతి అప్పుడే చెప్పేవారు. గొడవవుతుందని అడగలేదు. నా మంచితనం ఇది.

ఇరవై మూడు, ఆదివారం

పొద్దున కాసేపు తెలివొచ్చింది. ఆయన పైన ఓడ కోసం చూస్తున్నారు. ఇద్దరమే ఉన్నాం.

"ఎందుకురా తాగలేదు?"

"రెండు తక్కువన్నావుగా." ఒక్కో మాటకి ఆగుతున్నాడు. "ఎవరో ఒకరు తగ్గించాలి. నువ్వు తగ్గిస్తే వంటెవరు చేస్తారు?"

"నేను తియ్యలేదు అని ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే... ఇంకెవరు మిగుల్తారు?" పైకి చూశాడు. "అన్నే అనుకున్నా. నొప్పికి, మాత్రల వేడికి ఆగలేక తాగుంటాడనుకున్నా. నువ్వు అన్నని అలా అనకూడదు. నన్నైతే అనొచ్చు. చక్కెర దొంగనేగా."

ఎవరూ తాగలేదురా, నీళ్ళక్కడే ఉన్నాయి, నాకు కొలవడం రాలేదు అని చెప్పాను. కాళ్ళు పట్టుకున్నాను. వాచి, చల్లగా ఉన్నాయి.

వాడు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"అన్న తాగలేదా? అమ్మయ్య," అన్నాడు.

తర్వాత, "వదినా, ఇప్పుడు వేలెత్తి అడగాలా?" అన్నాడు. చెంచా అందించాను. దిగలేదు.

ఇరవై నాలుగు, సోమవారం

తెల్లవారాక పోయాడు. వెలుతురు బాగా వచ్చాక. ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నారు.

పది గంటలకి ఓడ కనిపించింది, దూరంగా, గోరంత. మన దగ్గరికి రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు.

ట్యాంకు మూత తీశాను. వాడు తాగకుండా వదిలినవి రోజుకి ఒక లీటరు, ఎనిమిది రోజులు. ఎనిమిది లీటర్లూ కొలిచి బకెట్లో పోశాను. స్నానం చేయించాను. పదకొండు రోజుల ఎండా ఉప్పూ జుట్టులో గడ్డకట్టి ఉంది. వేళ్ళతో విడదీసి కడిగాను. చెవుల వెనక కడిగాను. పద్నాలుగేళ్ళప్పుడు జ్వరమొస్తే ఇలాగే చేశాను, అప్పుడు సబ్బు కళ్ళలో పడిందని గోల పెట్టాడు.

ఆయన తలుపు దగ్గర నిలబడి చూశారు. "ఎంత పోస్తావే?" అన్నారు. కోపంగా కాదు.

"వాడి వాటానే," అన్నాను.

ప్రార్థన చెయ్యాలని కూర్చున్నాను. ఎనిమిది రోజులు నీళ్ళు తరగడం లేదని దేవుడికి చెప్పుకున్న కృతజ్ఞతలే నోటికొస్తున్నాయి. ఎవరికి చెప్పాల్సినవి ఎవరికి చెప్పాను? ఆపేసి లేచాను. వాడి చొక్కా ఉతికి ఆరేశాను, అదీ మంచినీళ్ళతోనే.

ఇరవై ఐదు, మంగళవారం

సరుకుల ఓడ. ఇనప మెట్లు, ఇనప గోడలు. ఇంజను చప్పుడు పాదాల్లోంచి పళ్ళ దాకా వస్తోంది. నాకొక గది ఇచ్చారు. బల్ల మీద గాజు జగ్గు నిండా నీళ్ళు, పైన మూత. వంటమనిషి వచ్చి చల్లవి కావాలా అమ్మా అని అడిగి వెళ్ళాడు. ఓడ కదిలినప్పుడల్లా జగ్గులో నీళ్ళు ఒక పక్కకి లేచి, ఇంకో పక్క దిగుతున్నాయి. ఎవరికైనా కనిపిస్తుంది. చిన్నపిల్లలకైనా కనిపిస్తుంది.

వాడిని కింద చల్లటి గదిలో పెట్టారు. పడవని అలాగే వదిలేశాం. తెరచాప లేకుండా కాసేపు మా వెనకే వస్తున్నట్టనిపించింది.

మధ్యాహ్నం ఆయన డెక్కు మీద కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. అటు చివర నలుగురు పనివాళ్ళు తాళ్ళు చుడుతున్నారు.

"నాకు ఒక్కటే అర్థం కావడం లేదు," అన్నారు. "వాడెప్పుడూ అడగకుండా ఏ పనీ చెయ్యడు. నీళ్ళు మానెయ్యమని వాడికెవరు చెప్పారు? నేను లోపల పడుకునుంటే వాడు పైన ఎండిపోయాడు. నావల్లేనా? నొప్పి నొప్పి అని నేనే ఎక్కువ తాగానా?"

ఆయన కూడా తన మీదే వేసుకుంటున్నారు. ఊరుకుంటే అలాగే ఉండిపోతుంది. ఇరవై ఎనిమిదేళ్ళలాగే, ఇదీ పక్కగదికి వినపడకుండా అయిపోతుంది. చిన్నోడు చెప్పడు. రాళ్ళ జబ్బు, ఖర్మ అనుకుంటారు అందరూ. నన్ను ఓదారుస్తారు.

"నేను చెప్పానండి," అన్నాను. "దొంగవన్నాను."

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు వంగారు. ఇంజను హోరు.

"ఏంటీ? వినపడలేదు. ఎప్పుడూ ఆ గొణుగుడేంటి? గట్టిగా చెప్పు."

చెప్పాను. చక్కెర డబ్బా దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఆ రోజన్న మాటలు అన్నవి అన్నట్టుగా, ఒక్కటీ తగ్గించకుండా. అటు చివర తాళ్ళు చుడుతున్నవాళ్ళు పని ఆపి, తలలు తిప్పి నా వైపు చూశారు.